అండమాన్‌లో కారు టూర్ బుక్ చేస్తున్నారా? ముందు ఇది చదవండి

విజయవాడ నుంచి అండమాన్ వెళ్లేవాళ్ల కోసం, ముఖ్యంగా పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. డిసెంబరులో మేం నలుగురం వెళ్లాం. గవర్నర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర ‘బీచ్‌లు, చరిత్ర’ అని ఒక రోజు కారు టూర్ మాట్లాడుకున్నాం. తెలుగు గైడ్, ఎంట్రీ టికెట్లు, భోజనం అన్నీ కలిపి 13,500. మొత్తం ముందే యూపీఐలో కట్టించుకున్నారు, అదీ ఒక మనిషి సొంత ఖాతాకి. బిల్లు ఇవ్వలేదు.

వాళ్లిచ్చిన కాగితంలో ఎనిమిది ప్రదేశాలున్నాయి. మోసం అక్కడే ఉంది. రాస్ ఐలాండ్ ఒక నంబరు, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం ఇంకో నంబరు. హేవ్‌లాక్ ఒకటి, స్వరాజ్ ద్వీప్ మరొకటి. 2018లో పేర్లు మార్చారు, అంతే. ఎనిమిది కాస్తా ఆరయ్యాయి. ఆ రెండు దీవులకూ పడవలో వెళ్లాల్సిందే, కారు పోదు. ఇక మిగిలింది నాలుగు: సెల్యులార్ జైలు, ఇంకా కార్బిన్స్ కోవ్, చిడియా టాపు, వండూర్ బీచ్‌లు.

తొమ్మిదికి రావాల్సిన కారు పదకొండున్నరకు వచ్చింది. గైడ్ లేడు. పాపం డ్రైవర్ తన ఫోన్‌లో మెసేజ్ చూపించాడు: ‘పికప్, రెండు బీచ్‌లు, డ్రాప్’. జైలు మాటే లేదు. కార్బిన్స్ కోవ్ దారిలో జపాన్‌వాళ్లు 1942-45 మధ్య కట్టిన బంకర్లు కనిపించాయి, చెప్పే మనిషి లేడు. భోజనం అయ్యాక టైరు పంక్చర్ అయింది, చూస్తే స్టెప్నీ లేదు.

బతిమాలితే జైలుకి తీసుకెళ్లాడు. అప్పటికే లోపలికి పంపడం ఆపేశారు. నాన్నకి 72 ఏళ్లు. 1906లో పూర్తయిన ఆ జైలుకి ఏడు రెక్కలుండేవని, ఇప్పుడు మూడే మిగిలాయని దారంతా ఆయనే మాకు చెప్పారు. రంప పోరాటంలో పట్టుబడ్డవాళ్లని అక్కడికి పంపారు కదా, ఆ పేర్లు ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. గేటు ఊచలు పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డారు. మర్నాడు పొద్దున్నే మా ఫ్లైట్.

అక్కడ డిసెంబరులో ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. మన ఊళ్లో పొద్దు గూకే టైమ్‌తో లెక్క వేసుకోకండి. చిడియా టాపు సూర్యాస్తమయం కోసం వెళ్లేసరికి చిమ్మచీకటి. వండూర్ ఊసే లేదు.

తిరిగొచ్చి అడిగితే ‘అది అక్కడివాళ్ల తప్పండీ’ అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను.

మీరు బుక్ చేస్తే సగమే కట్టండి, బిల్లు తీసుకోండి. రెండు రోజుల ముందే డ్రైవర్ నంబరు, గైడ్ నంబరు తీసుకుని మీరే మాట్లాడండి. జైలు పొద్దున్నే పెట్టించుకోండి. అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, తెలుగు గైడ్ దొరకడం కష్టమనే మాట నమ్మొద్దు. మీకిచ్చిన కాగితంలో కూడా ఒకే దీవి రెండు పేర్లతో ఉంటే డబ్బు కట్టకముందే లేచి వచ్చేయండి.