మా కొండకి ఉన్నది ఒక్కటే టవర్

చింతపల్లి దగ్గర ఒక కొండ ఊళ్ళో నేను బ్యాంక్ మిత్రగా పనిచేస్తున్నాను. ఉపాధి కూలీ, కాఫీ అమ్మిన డబ్బులు బ్యాంకులో పడితే, మా చుట్టుపక్కల వాళ్ళు నా మిషన్ మీద వేలిముద్ర వేసి తీసుకుంటారు. ఆ మిషన్‌కి నెట్ కావాలి. మా ఊరికి అందే సిగ్నల్ ఒకే కంపెనీది. వేరే సిమ్ వేస్తే ఘాట్ రోడ్డు మలుపు దాటే దాకా ఫోన్ మోగదు.

నాలుగేళ్ళుగా ఇదే వాడుతున్నాను. కాల్స్ గురించి ఫిర్యాదు లేదు, మాట బాగానే వినిపిస్తుంది. బాధంతా నెట్‌తోనే. దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న. ఆ రోజుకి మా టవర్ ఇంకా 2జీ మీదే ఉంది. తర్వాత 4జీ వస్తోంది, పాత సిమ్‌లు మార్చుకోండి అన్నారు. ఊళ్ళో చాలామంది ఒక రోజు కూలీ వదులుకుని, జీపు ఛార్జీలు పెట్టుకుని చింతపల్లి వెళ్ళి మార్చుకున్నారు. సిమ్ మార్చిన పద్నాలుగు నెలలకి 4జీ వచ్చింది.

వచ్చింది అంటే ఫోన్ మీద 4జీ అని పడుతోంది, అంతే. ఉదయం ఆరింటికి కాస్త నడుస్తుంది. పదింటికి అందరూ ఫోన్లు తెరిచాక మిషన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. టవర్ రిపేరుకి వచ్చే కుర్రాడు వివరంగా చెప్పాడు: పైన పరికరాలు కొత్తవి పెట్టారు గానీ, టవర్ నుంచి డేటా మోసుకెళ్ళేది పాత మైక్రోవేవ్ లింకే, అంటే తీగ లేకుండా గాలిలో పంపేది. ఫైబర్ కేబుల్ లాగలేదు. బ్యాటరీలు కూడా పాతవే, కరెంటు పోతే గంటలోపు టవర్ ఆగిపోతుంది. మాకు వానాకాలంలో కరెంటు పోని రోజు తక్కువ. ఆ కుర్రాడు వానలో తడుస్తూ వచ్చి, చేయగలిగింది చేసి వెళ్తాడు. అతన్ని తప్పు పట్టను.

గత జూలైలో ఒక ముసలమ్మ ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చింది. మూడు వేలు కావాలంది. వేలిముద్ర పడింది, చక్రం తిరిగింది, మధ్యలో సిగ్నల్ పోయింది. ఖాతాలో డబ్బు తగ్గింది, నాకు మాత్రం ఫెయిల్ అని వచ్చింది. అలాంటి డబ్బు ఐదు రోజుల్లో వెనక్కి పడాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, పడింది కూడా. కానీ ఆ రోజు ఆమె "పాపా, నా డబ్బు ఏటయిపోనాది?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. నా దగ్గరున్న అయిదొందలు చేతిలో పెట్టి పంపాను. మందులు కొనుక్కోవాలని వచ్చిందామె.

నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. మేము మారి ఎక్కడికి పోవాలి? రెండో టవర్ ఉంటే ఈ కంపెనీ ఫైబర్ పని ఇన్నేళ్ళు ఆపేది కాదని నా గట్టి నమ్మకం. రీఛార్జ్ మాత్రం విశాఖలో ఉన్న మా తమ్ముడు కట్టినంతే నేనూ కడుతున్నాను.

కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో మ్యాప్ పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది. ఆ మ్యాప్‌లో మా ఊరు మొత్తం 4జీ రంగులో ఉంది. అది చూసి బయటివాళ్ళు ఇక్కడ అంతా బాగుందనుకుంటారు. అందుకే ఈ కంపెనీ సేవకి అయిదుకి ఒకటిన్నర మార్కులు ఇస్తున్నాను.

ఏజెన్సీలో నాలాగే ఇబ్బంది పడేవాళ్ళు కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు, తప్పకుండా తీసుకోండి. సమస్య తీరకుండానే ఫిర్యాదు మూసేస్తే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్ళొచ్చు, దానికి రుసుము లేదు. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వచ్చిన జవాబులో ఫైబర్ పని "పరిశీలనలో ఉంది" అని రాశారు. తేదీ ఇవ్వలేదు. తేదీ అడుగుతూ ఈ సోమవారం మళ్ళీ రాశాను.