స్టెంట్ పడ్డాక రెండు మందులు: కలిపిన క్యాప్సూలా, విడి మాత్రలా?

మందుల షాపులో కూర్చున్నవాళ్లకి ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా ఎదురవుతుంది. స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి లోహపు జాలీ గొట్టం) వేయించుకుని వచ్చినవాళ్ల చీటీలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ విడివిడిగా ఉంటాయి. పక్కింటాయన మాత్రం రెండూ కలిసిన ఒక్క క్యాప్సూల్ వేసుకుంటుంటాడు. "మాకూ అదే ఇవ్వండి, గొడవ వదిలిపోతుంది" అంటారు. చీటీలో లేనిది నేను మార్చి ఇవ్వను. డాక్టర్‌ని ఏమని అడగాలో మాత్రం చెబుతాను. పోయిన ఏప్రిల్‌లో మా నాన్నకే గుండెపోటు వచ్చి స్టెంట్ పడింది. డిశ్చార్జ్ రోజు కలిపిన క్యాప్సూలే రాశారు. మొదటి రివ్యూకి వెళ్లినప్పుడు డాక్టర్‌గారిని అడిగి, అవే మందులు అదే డోసులో విడి మాత్రలుగా రాయించుకున్నాను. ఎందుకు అలా చేశానో చెబుతాను.

ముందు కలిపినదాని వైపు మాట్లాడాలి, ఎందుకంటే దానికీ గట్టి కారణమే ఉంది. స్టెంట్ లోపలి లోహం మీద రక్తనాళపు పొర పెరిగేదాకా ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే చిన్న కణాలు) దాన్ని పట్టుకుని గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మొదటి నెల మరీ గండం. ఆ రోజుల్లో మాత్ర తప్పిపోకూడదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, గ్యాస్, ఇలా మా నాన్న రోజుకి తొమ్మిది మాత్రలు మింగుతాడు. అందులో ఒకటి తగ్గినా తగ్గినట్టే. ఇంకొకటి కూడా చూశాను. రెండు మాత్రలు విడిగా ఉంటే కొందరు కావాలనే ఒకటి మానేస్తారు. "రెండూ రక్తం పలచన చేసేవేగా, రెండెందుకు?" అని. నిజానికి ఇవి రక్తాన్ని పలచన చేయవు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపుతాయి. ఆ పని కూడా రెండూ రెండు వేర్వేరు దారుల్లో చేస్తాయి. ఒకటి మానేస్తే ఒక దారి తెరిచి వదిలేసినట్టే. కలిపిన క్యాప్సూల్‌లో ఆ తెలివితేటలకి చోటు లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి, మతిమరుపు మొదలైనవాళ్లకి నేను కూడా దానివైపే మొగ్గుతాను.

ధర గురించి అడుగుతారు గానీ అందులో పెద్ద తేడా లేదు. 75 ఎంజీ ఆస్పిరిన్ మాత్ర రూపాయి కూడా పడదు.

నా మటుకు తేల్చే విషయం వేరే ఉంది. ఈ మందులు మొదలుపెట్టే రోజు గురించి అందరూ ఆలోచిస్తారు, మార్చే రోజు గురించి ఎవరూ ఆలోచించరు. గుండెపోటు వచ్చి స్టెంట్ పడితే మామూలుగా 12 నెలలు రెండూ వాడమంటారు. గుండెపోటు లేకుండా ముందే చూసి స్టెంట్ వేస్తే 6 నెలలు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. ఆ తర్వాత సాధారణంగా ఒకటి ఆపి, ఒకటి జీవితాంతం కొనసాగిస్తారు. అంటే ఈ జోడీ ఏదో ఒక రోజు విడిపోవాల్సిందే. కలిపిన క్యాప్సూల్‌ని ఎలా విడదీస్తారు?

నాలుగో ఏడు నడుస్తున్నా అదే క్యాప్సూల్ కొంటున్న ఒక పెద్దాయన మా షాపుకి వచ్చేవారు. ఆయన తెచ్చేది చీటీ కాదు, కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క. పేరులో సగం అక్షరాలు పోయి, వెండి రేకు నలిగి ఉండేది. "ఇదే ఇవ్వు బాబూ, అలవాటైపోయింది" అనేవారు. ఒకరోజు డబ్బులు ఇవ్వడానికి చెయ్యి చాపితే మోచేతి నుంచి మణికట్టు దాకా ఊదారంగు మచ్చలు. ఎక్కడా దెబ్బ తగల్లేదట. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని కూడా అప్పుడే చెప్పారు. వాళ్లబ్బాయికి ఫోన్ చేసి పాత ఫైలు తెప్పిస్తే, డిశ్చార్జ్ సమ్మరీ రెండో పేజీలో ఉంది: ఏడాది తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే. ఆయన తప్పేమీ లేదు. క్యాప్సూల్‌లో రెండు మందులున్నాయని కూడా ఆయనకి తెలియదు. డాక్టర్ దగ్గరికి పంపాక క్లోపిడోగ్రెల్ ఆపేశారు.

ఎక్కువ కాలం వాడితే ఎక్కువ మంచిది అనుకునేవాళ్లకి ఒక లెక్క చెబుతాను. 2001లో వచ్చిన క్యూర్ అనే పెద్ద అధ్యయనంలో గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరిన 12,562 మందిని చూశారు. ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 11.4 శాతం మంది గుండె జబ్బుతో చనిపోవడమో, గుండెపోటుకో పక్షవాతానికో గురికావడమో జరిగింది. క్లోపిడోగ్రెల్ కూడా కలిపినవాళ్లలో అది 9.3 శాతం. పెద్ద రక్తస్రావం మాత్రం 2.7 నుంచి 3.7 శాతానికి పెరిగింది. గండం ఉన్న రోజుల్లో ఈ బేరం లాభమే. గండం దాటాక లాభం తగ్గుతుంది, రక్తస్రావం భయం మాత్రం అలాగే ఉంటుంది.

ఆపరేషన్లప్పుడు కూడా ఇదే చిక్కు. క్లోపిడోగ్రెల్‌ని సుమారు 5 రోజుల ముందు ఆపి, ఆస్పిరిన్ కొనసాగించమని చాలాసార్లు చెబుతారు. కలిపినది వాడేవాళ్లు ఆ 5 రోజులకి విడిగా ఆస్పిరిన్ కొనుక్కోవాలి. ఎవరు కొంటారు? "గుండె మాత్ర ఆపమన్నారు" అని రెండూ ఆపేస్తారు. పన్ను పీకించుకోవడానికైతే చాలామందికి ఏదీ ఆపక్కర్లేదు, నొక్కిపట్టి, కావాలంటే కుట్టు వేసి రక్తం ఆపుతారు. ఏ ఆపరేషన్‌కైనా సరే, ఆపమని ఎవరు చెప్పినా సరే, స్టెంట్ వేసిన డాక్టర్‌ని అడగకుండా ఆపకండి.

కలిపినదాంట్లో ఇంకో మెలిక ఉంది. ఆస్పిరిన్ 75 ఉన్న రకం, 150 ఉన్న రకం రెండూ ఉంటాయి, డబ్బా మీద అంకె ఒక్కటే తేడా. క్లోపిడోగ్రెల్ బ్రాండు పేరు చివర 'ఏ' ఉంటే సాధారణంగా ఆస్పిరిన్ కలిసిందని. అదే ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్‌తో అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు, అందులో క్లోపిడోగ్రెల్ లేనే లేదు. గుండె డాక్టర్ ఒకటి, షుగర్ డాక్టర్ ఇంకొకటి రాస్తే రోజూ రెండు ఆస్పిరిన్లు మింగుతున్నవాళ్లు నాకు ఎదురయ్యారు. విడి మాత్రలైతే పేరు చూసి పట్టుకోవచ్చు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మందు, మూడూ ఒకే క్యాప్సూల్‌లో వచ్చేవి ఉన్నాయి. కొలెస్ట్రాల్ మందు డోసు మార్చాల్సి వస్తే అన్నీ కదిలించాలి, నేను వాటివైపు పోను. క్లోపిడోగ్రెల్ బదులు టికాగ్రెలర్ రాసినవాళ్లకి కలిపినదా, విడిదా అన్న ప్రశ్న సాధారణంగా రాదు. అది 90 ఎంజీ ఉదయం, రాత్రి వేసుకోవాలి, ఆస్పిరిన్ రోజుకి ఒక్కసారే. దానితో కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది, అలా అయితే మానేయకుండా డాక్టర్‌కి చెప్పాలి. అలాంటిదే ఇంకో మందు ప్రాసుగ్రెల్, పక్షవాతం వచ్చినవాళ్లకి దాన్ని ఇవ్వరు.

ఏది వాడినా కొన్ని తప్పవు. ఒంటినొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కోవద్దు. క్లోపిడోగ్రెల్ వాడుతుంటే గ్యాస్‌కి ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ రాయమని అడగండి, ఒమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తుంది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు వేసుకోవద్దు. గీసుకుంటే రక్తం కాస్త ఆలస్యంగా ఆగుతుంది, దానికి టెన్షన్ పడి మందు మానేయొద్దు. విరేచనం తారులా నల్లగా వస్తే, రక్తం వాంతి అయితే, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వస్తే అదే రోజు, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

మా నాన్న క్లోపిడోగ్రెల్ పొద్దున టిఫిన్ అయ్యాక, ఆస్పిరిన్ మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకుంటాడు. స్ట్రిప్ ఎప్పుడూ కత్తిరించి ఇవ్వను, నిండుగానే ఇస్తాను. క్లోపిడోగ్రెల్ డబ్బా మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాశాను: "ఏప్రిల్‌లో డాక్టర్‌ని అడగాలి." డబ్బా అయిపోయిన ప్రతిసారీ కొత్తదాని మీద ఆ మాట నాన్నే తన చేత్తో రాసుకుంటున్నాడు.