ఇంట్లో పిల్లాడు ఆడే గేమ్‌కు బడి కాపలా కాయాలా? ఏది మేలు?

గత నెల మా అబ్బాయి డైరీలో స్కూలు వాళ్లు ఒక కాగితం పిన్ను కొట్టి పంపారు. అందులో రెండే వాక్యాలు. వయసుకు తగని వీడియో గేములు మా పిల్లవాణ్ణి ఇంట్లో ఆడనివ్వం అని మొదటిది. ఆడుతున్నట్టు స్కూలుకు తెలిస్తే యాజమాన్యం తీసుకునే ఏ చర్యకైనా మాకు అభ్యంతరం లేదు అని రెండోది. కింద తల్లి సంతకానికో గీత, తండ్రి సంతకానికో గీత.

"పెట్టి పంపెయ్, వాళ్లతో మనకెందుకు" అన్నారు మావారు. నిజమే, ఏడాదికి ఇలాంటివి పది వస్తాయి, చదవకుండానే సంతకం పెడతాం. ఈసారి మాత్రం నేను మూడు రోజులు ఆపాను. ఎందుకంటే నేనూ గుంటూరులోనే వేరే స్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతాను. పొద్దున ఎనిమిదిన్నరకు నేను బడి మనిషిని. సాయంత్రం బ్రాడీపేటలో మా మెట్లెక్కాక ఎనిమిదో తరగతి పిల్లాడి తల్లిని. ఆ కాగితం రెండు వైపులా నన్నే అడుగుతున్నట్టు అనిపించింది.

ముందు బడి వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఆ వైపు బలం తక్కువేం కాదు.

మిర్చి సీజన్ వచ్చిందంటే యార్డుకు వెళ్లిన తండ్రి ఏ రాత్రికో ఇల్లు చేరతాడు. తల్లి షాపులోనో ఆస్పత్రి డ్యూటీలోనో ఉంటుంది. ఇంట్లో మిగిలేది నాయనమ్మ. "ఇది లెక్కల యాప్ నానమ్మా" అంటే ఆవిడ నమ్ముతుంది, కళ్లజోడు తీసి మళ్లీ సీరియల్ చూసుకుంటుంది. అలాంటి ఇంట్లో వద్దని చెప్పే గొంతు బడిదే. పైగా పిల్లలు అమ్మ మాట పది సార్లు దాటేస్తారు కానీ "మా మిస్ చెప్పింది" అంటే అది వేదం.

దీనికంటే గట్టి కారణం ఇంకోటి ఉంది. ఒక్క ఇంట్లో వద్దంటే ఆ పిల్లాడు క్లాసులో ఒంటరి అవుతాడు. ఇంటర్వెల్‌లో మాటలన్నీ నిన్న రాత్రి ఎవరు ఎవర్ని కొట్టారు, ఎవరికి కొత్త స్కిన్ (గేమ్‌లో బొమ్మకు వేసే వేషం) వచ్చింది అనే. నలభై ఇళ్లలోనూ ఒకేసారి వద్దంటే ఎవరూ వెలి పడరు. నలభై ఇళ్లకూ ఒకే మాట చేర్చగలిగేది బడి ఒక్కటే.

ఇంగ్లండ్‌లో ఇంతకంటే దూరం వెళ్లారు. 2015 మార్చిలో చెషైర్ ప్రాంతంలోని నాంట్‌విచ్ బడుల హెడ్మాస్టర్లు కలిసి తల్లిదండ్రులకు ఉత్తరం రాశారు. 18 నిండినవాళ్లకే అనే రేటింగ్ ఉన్న గేములు పిల్లల చేత ఆడనిస్తే దాన్ని నిర్లక్ష్యంగా లెక్కగట్టి పోలీసులకు, పిల్లల సంరక్షణ శాఖకు చెబుతామన్నారు. కాల్ ఆఫ్ డ్యూటీ, జీటీఏ లాంటివి ఆ ఉత్తరంలో పేర్లతో సహా ఉన్నాయి. ఇది మరీ ఎక్కువైందని అక్కడే చాలామంది అన్నారు. ఆ దేశంలో 2012 నుంచి ఇలాంటి గేమును తక్కువ వయసు పిల్లలకు అమ్మితే దుకాణదారుడిది నేరం. ఇంట్లో అమ్మానాన్నలు ఆడనిస్తే మాత్రం ఆ చట్టం కిందకు రాదు. ఆ ఖాళీని పూడ్చడానికే హెడ్మాస్టర్లు దిగారు.

మన దగ్గర ఆ మొదటి మెట్టు కూడా లేదు. సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉంది, 2024 నుంచి యూఏలోనే 7, 13, 16 అని వయసులు విడగొట్టారు. గేముకు అలాంటి ప్రభుత్వ ముద్ర ఏదీ లేదు. యూరప్‌లో గేములకు వయసు అంకెలిచ్చే పద్ధతి పెగీ, 2003 నుంచి ఉంది: 3, 7, 12, 16, 18. ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిస్తే గేమ్ పేరు కింద కనిపించే వయసు అంకె, తయారు చేసినవాళ్లు ప్రశ్నాపత్రానికి ఇచ్చిన జవాబులను బట్టి వచ్చేది. మరి మా అబ్బాయి స్కూలు కాగితంలోని "వయసుకు తగని" అన్నదాన్ని ఎవరి అంకెతో కొలవాలి? కాగితంలో లేదు. అడిగితే ఆఫీసులో అమ్మాయి "అంటే... పబ్జీ లాంటివి మేడం" అంది.

సరే, ఎలాగో తేల్చారనుకుందాం. ఇంట్లో ఏం ఆడుతున్నాడో బడికి ఎలా తెలుస్తుంది? పిల్లల్ని అడగాలి, వేరే దారి లేదు. ఇది నేను చేసి చూసిందే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రెండేళ్ల కిందట మా క్లాసులో మొదటి పీరియడ్‌లో నలుగురైదుగురు రోజూ తూగేవాళ్లు. ఒకరోజు మామూలుగా అడిగాను, రాత్రి గేములు ఎవరెవరు ఆడతారర్రా అని. ఇరవైకి పైగా చేతులు లేచాయి, నవ్వుకుంటూనే. ఏ గేమో, ఎంతసేపో, ఎవరి ఫోనో అన్నీ చెప్పారు. నేను తెలివైనదాన్ని కదా, పేర్లు రాసుకుని ఇళ్లకు ఫోన్లు చేశాను. వారం తర్వాత మళ్లీ అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. తూగేవాళ్లు తూగుతూనే ఉన్నారు. కొత్తగా మొదలైందేమిటంటే చాడీలు. "మిస్, వీడు నిన్న పదకొండు దాకా ఆన్‌లైన్‌లో ఉన్నాడు" అని ఒకడు. అది నీకెలా తెలుసురా అంటే వాడి దగ్గర జవాబు లేదు.

అక్కడితో పోతే నవ్వుకుని మర్చిపోయేదాన్ని. అదే క్లాసులో ఒక పిల్లకు గేమ్ వాయిస్ చాట్‌లో ఎవడో పెద్దవాడు పరిచయమై ఫొటోలు పంపమని వేధించాడు. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి వాళ్ల పిన్ని కనిపెట్టింది. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "గేమ్ ఆడానని తెలిస్తే మీరు మా ఇంటికి ఫోన్ చేస్తారని" అంది. నా వైపు చూడకుండా చెప్పింది.

బడి పెత్తనం మీద నాకున్న అభ్యంతరాల్లో మిగతావన్నీ దీని తర్వాతే. టీసీ బెదిరింపు ఉంది, నిజానికి 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యకూడదు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసుల పేరుతో పిల్లల చేతికి ఫోన్ ఇప్పించిందీ బడే, ఇవాళ్టికీ హోంవర్క్ వాట్సాప్‌లో పంపేదీ బడే. విజయవాడ, గుంటూరు వైపు హాస్టల్ చదువుల సంగతి సరేసరి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పిల్లాడు వాళ్ల చేతిలోనే. డే స్కాలర్‌కు మిగిలిన రెండు గంటల మీద కూడా అజమాయిషీ అంటే, ఏమో, నాకు మింగుడు పడదు.

అలాగని ఇంటికే వదిలెయ్యండి అనే వాదాన్ని నేను మొత్తంగా ఒప్పుకోను. అది వినడానికి గౌరవంగా ఉంటుంది. మా పిల్లాడు మా ఇష్టం. కానీ మనం నిజంగా చూస్తున్నామా? మా ఇంటి సంగతే చెబుతాను. ఫోన్ నాన్న పేరు మీద, నాన్న వయసుతో తెరిచిన ఖాతా. అంటే గేమ్ దృష్టిలో మా వాడికి నలభై రెండేళ్లు. యూపీఐ పిన్ను వాడికి తెలుసు, కూరగాయల బండి దగ్గర నేనే చెప్పాను. మావారు కుర్రతనంలో అరండల్‌పేట నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి జీటీఏ వైస్ సిటీ ఆడినవారే. అమెరికాలో దాని మీద 17 నిండినవాళ్లకు అని రాసి ఉంటుందని మొన్న నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు. "మేం చెడిపోయామా?" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది కానీ ఇక్కడ వద్దు.

ఇంటి వైపున్న అసలు బలం వేరు. తల్లికి తన పిల్లాడు తెలుసు. ఒకడు తుపాకీ గేమ్ ఆడి లేచి అన్నం తిని పడుకుంటాడు, ఇంకొకడు అదే గేమ్ ఓడిపోయి తలుపు పగలగొడతాడు. ఈ తేడా సర్క్యులర్‌కు అందదు. హింస గేములు ఆడితే పిల్లలు హంతకులవుతారని భయపడేవాళ్లకు ఒక మాట: అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో దీన్ని మళ్లీ పరిశీలించింది. అరుపులు, తోపులాటల్లాంటి దుడుకుతనంతో చిన్నపాటి సంబంధం ఉందంది. ఘోరమైన హింసకు గేములే కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవంది. క్లాసులో నాకు కనిపించేదీ అంతే. నిద్ర చాలకపోవడం, నోటి దురుసు, డబ్బు.

మూడో దారి ఒకటుంది, సర్కారో కంపెనీయో గడియారం పెట్టడం. దీన్ని ఎక్కువ తూచక్కర్లేదు. చైనా 2021లో పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అంది. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపువాళ్లకు అర్ధరాత్రి గేములు ఆపి, పదేళ్లయ్యాక ఆ చట్టాన్ని తనే వదులుకుంది. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లోపలికి వెళ్లేవాళ్లు. మన దగ్గర 2020 సెప్టెంబరులో పబ్జీ ఆపారు, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. మైనర్లకు రోజుకు మూడు గంటలే అని కంపెనీ పెట్టిన పరిమితి, నలభై రెండేళ్ల మా అబ్బాయికి వర్తించదు కదా.

ఇక నా తూకం. గేమ్ ఏదన్నది, ఎంతసేపన్నది ఇంటిదే. గేటు దాటి లోపలికి వచ్చింది బడిది. క్లాసులో తూగితే, బూతు మాట్లాడితే, పక్కవాడి దగ్గర డబ్బు తీసుకుంటే బడి ఇంటికి చెప్పాలి. గేమ్ పేరు అడగకుండా, చూసింది చూసినట్టు. "మీ వాడు మూడు రోజులుగా మొదటి పీరియడ్‌లో నిద్రపోతున్నాడు" అంటే చాలు, కారణం వెతుక్కునే పని తల్లిది. ఒక్కచోట మాత్రం బడికి గీతలేమీ లేవు. ఎవడో పెద్దవాడు పిల్లను లైంగికంగా వేధిస్తున్నాడని తెలిస్తే చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం తెలిసినవాళ్లందరి మీదా ఆ బాధ్యత పెట్టింది, టీచర్ మీదా. పిల్లల సాయానికి ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేసినా వింటారు. ఆ కబురు బడికి చేరాలంటే పిల్లలు భయం లేకుండా చెప్పాలి, అందుకే హామీ పత్రాలు నాకు గిట్టవు.

బడి వాదంలోని ఆ నలభై ఇళ్ల మాట మాత్రం వదులుకోవడం నాకు ఇష్టం లేదు. దానికి బడి లాఠీ అవసరమా అని అనిపించి, మా వాడి స్నేహితుల తల్లులు ఐదుగురితో మాట్లాడాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఆరిళ్లలోనూ వైఫై రూటర్ ఆపేద్దాం అనుకున్నాం. స్క్వాడ్‌లో, అంటే గేమ్ జట్టులో, ఎవరూ లేకపోతే ఆడేదెవరితో? రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒకింట్లో నాన్నగారి మ్యాచ్ కోసం, ఇంకో ఇంట్లో పెద్దమ్మాయి ఆన్‌లైన్ కోచింగ్ కోసం రూటర్ మళ్లీ వెలిగింది. నాలుగిళ్లు ఇంకా పాటిస్తున్నాం. ఫోన్‌లో వాడి అసలు వయసుతో వేరే ఖాతా తెరిచి, పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టాను. అరగంట పని, ఆ తర్వాత రెండు రోజుల అలక. ఇది ఎలా పెట్టాలో పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్క పావుగంట చూపిస్తే, ప్లే స్టోర్‌లో ఆ అంకె ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తే, వంద సంతకాల కంటే ఎక్కువ పని జరుగుతుందని నా నమ్మకం.

మూడో రోజు రాత్రి మా వాడు డైరీ పట్టుకుని వచ్చాడు. "అమ్మా, రేపు మిస్ అడిగితే ఏం చెప్పను? ఆడతానని చెప్పనా, ఆడనని చెప్పనా?"

"ఆడేది ఆడతానని చెప్పు నాన్నా" అన్నాను.

మొదటి వాక్యం కింద సంతకం పెట్టాను. రెండో వాక్యాన్ని స్కేలు పెట్టి కొట్టేసి, పక్కనే రాశాను: మా వాడు క్లాసులో తూగినా, ఎవరితోనైనా గొడవపడినా దయచేసి నాకు వెంటనే ఫోన్ చేయండి, ఇంట్లో ఏం ఆడాడో వాణ్ణి అడగకండి. మావారు దాన్ని చదివి, ఏమీ అనకుండా తన గీత మీద సంతకం చేశారు. మర్నాడు డైరీ తిరిగొచ్చింది. నేను రాసినదాని పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు, పొట్టి సంతకం. ఫోన్ అయితే ఇంతవరకు రాలేదు.