గుడ్డా, ప్యాడా, కప్పా: అనంతపురం నీళ్ళకు, ఎండకు ఏది మేలు?

పిల్ల పెద్దమనిషి అయితే అవ్వ పాత నూలు చీర చింపుతుంది, అమ్మ ప్యాడ్ల ప్యాకెట్ తెప్పిస్తుంది. ఎవరి మాట వినాలో తేల్చేముందు ఇంట్లో నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయో, మిద్దె మీద ఆరేసే చోటుందో లేదో, బడి బాత్రూంలో కొళాయి పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నీళ్ళకు కరువే గానీ ఎండకు కాదు.

బడి వేళకు మాత్రం ప్యాడే మేలు. ఉతికే పని లేదు, సంచిలో పడుతుంది. అయితే దాని అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, గాలి ఆడదు. ఏప్రిల్ ఎండల్లో చెమట, తడి కలిసి తొడల సందున ఒరుసుకుపోతుంది. అందుకే నిండకపోయినా 4 నుంచి 6 గంటలకోసారి మార్చాలి. నిజానికి నెలసరి మొత్తానికీ పోయే రక్తం సాధారణంగా 30 నుంచి 80 మిల్లీలీటర్లే, కాబట్టి చివరి రోజుల్లో ప్యాడ్ నిండనే నిండదు. నిండలేదు కదా అని పొద్దున పెట్టుకున్నది సాయంత్రం దాకా ఉంచేస్తారు, దద్దుర్లు అక్కడే మొదలవుతాయి. ఒకదానిమీద ఒకటి రెండు పెట్టుకోవడం కూడా దండగే: పైదాని ప్లాస్టిక్ పొర దాటి తడి కిందిదానికి చేరదు. సువాసన వేసినవి కొనొద్దు, చర్మం మండుతుంది.

ఖర్చు చూద్దాం. రోజుకు నాలుగు, అయిదు రోజులకు ఇరవై. జనఔషధి షాపులో సువిధ ప్యాడ్ 2019 నుంచి రూపాయికే ఇస్తున్నారు, అక్కడ ఇరవై రూపాయలతో పోతుంది. పేరున్న కంపెనీవి అయితే అంతకు ఎన్నో రెట్లు. 2021లో మొదలైన స్వేచ్ఛ పథకం సర్కారు బడుల్లో 7 నుంచి 12వ తరగతి పిల్లలకు నెలకు పది ప్యాడ్లని పెట్టింది. పదితో నెలసరి మొత్తం గడపాలని చూస్తే ఒక్కోటి పన్నెండు గంటలు లాగాల్సొస్తుంది. బడి గంటలకే లెక్కేస్తే రోజుకు రెండు, సరిగ్గా సరిపోతాయి. మిగతా వేళకు ఇంట్లో గుడ్డ.

గుడ్డను తక్కువగా చూడక్కర్లేదు. చెడ్డది గుడ్డ కాదు, దాన్ని చీకట్లో, మంచం కిందో లంగా కిందో ఆరేయడం. సగం తడిగా మడిచిన గుడ్డలో బూజు, క్రిములు పెరిగి దురద, వాసన వస్తాయి. అచ్చమైన నూలుది కావాలి, పాలియెస్టర్ కలిసినది తడి పీల్చదు. జరీ అంచు కత్తిరించేయండి. వాడినదాన్ని ముందు చన్నీళ్ళలో అరగంట నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే మరక దారాల్లోకి పట్టేస్తుంది. తర్వాత సబ్బుతో ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. చిక్కంతా ఇక్కడే. మన బోరు ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి పిప్పిలా గుడ్డలో నిలిచిపోతుంది. గుడ్డ బిరుసెక్కుతుంది, పీల్చడం తగ్గుతుంది. కడసారి జాడింపుకైనా మంచినీళ్ళు ఒక బిందె పక్కన పెట్టుకోండి. బట్టలు మెత్తబడేందుకు వేసే సువాసన ద్రవం వద్దు, అదీ పీల్చనివ్వదు. డెట్టాల్‌లో నానబెట్టక్కర్లేదు, సరిగా జాడించకపోతే చర్మం మండుతుంది. దండెం మీద నేరుగా ఎండలో వేయాలి. ఎవరైనా చూస్తారనుకుంటే పైన పల్చటి తువాలు కప్పినా ఆరుతుంది.

కుట్టించి అమ్మే ఉతికే ప్యాడ్లు జారవు, అందంగానూ ఉంటాయి. కానీ లోపల పొరలు కలిపి కుట్టేయడం వల్ల విప్పి ఆరేయడానికి ఉండదు. ముసురు పడితే రెండు రోజులైనా తడి పోదు. విప్పదీసి ఆరేసే గుడ్డే మా ఓటు.

కప్పు అంటే లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టే మెత్తటి చిన్న గిన్నె లాంటిది. దీనికి గుడ్డకంటే నీళ్ళు చాలా తక్కువ పడతాయి. 12 గంటలు మించకుండా తీసి, కడిగి మళ్ళీ పెట్టుకోవచ్చు. నెలసరికి ముందూ వెనకా ప్యాకెట్ మీద రాసినంతసేపు మరిగించాలి, దానికంటూ వేరే గిన్నె ఉండాలి. పెట్టడం చేతికి అలవాటు కావడానికి రెండు మూడు నెలసరులు పడుతుంది కాబట్టి పదకొండు పన్నెండేళ్ళ పిల్లకు మొదటే ఇది ఇవ్వం. పెళ్ళి కానివాళ్ళు వాడకూడదన్న మాటలో వైద్యపరంగా పస లేదు. కన్నెపొర సాగవచ్చు, చిరగవచ్చు, దానివల్ల ఆరోగ్యానికి చేటు లేదు.

ఏది వాడినా కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కే. సబ్బు బయట చర్మానికే, లోపలికి వద్దు. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. పెరట్లో కాల్చితే ప్లాస్టిక్ పొగ, మరుగుదొడ్లో వేస్తే పైపు పూడిక.

మొదటి రెండేళ్ళు నెలసరి 21 రోజులకూ రావచ్చు, 45కూ రావచ్చు. సంచిలో ఎప్పుడూ ఒక ప్యాడ్, ఒక డ్రాయర్ ఉండాలి. గంటకో ప్యాడ్ నిండుతున్నా, ఏడు రోజులు దాటినా, నొప్పితో నెలనెలా బడి మానాల్సొస్తున్నా ప్యాడ్లు మార్చి చూడటం ఆపి డాక్టరమ్మకు చూపించండి.