ఫ్రాన్సిస్ మేరియన్ కథ: మా రైటర్లు కొని దాచుకోవాల్సిన పుస్తకం

టీవీ సీరియళ్లకి డైలాగులు రాయబట్టి పదకొండేళ్లు. మొదటి నాలుగేళ్లు టైటిల్స్‌లో నా పేరు పడలేదు. మా చెల్లెలు డాలస్ నుంచి హాలీవుడ్ సినిమా రచయిత్రి ఫ్రాన్సిస్ మేరియన్ జీవితకథ, కారీ బోషాంప్ రాసిన ‘వితౌట్ లైయింగ్ డౌన్’ తెస్తే, అందుకే అంత ఆత్రంగా తెరిచాను. హాలీవుడ్‌లో ఒక ఆడమనిషి రాసి బతకడమే కాదు, పేరూ డబ్బూ కూడా ఎలా తెచ్చుకుందో తెలుసుకోవాలని.

ఫ్రాన్సిస్ మేరియన్ 1888లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. లోయిస్ వెబర్ అనే దర్శకురాలి దగ్గర పని నేర్చుకుంది. ‘ది బిగ్ హౌస్’, ‘ది చాంప్’ సినిమాలకి రెండు ఆస్కార్లు. రచనకి ఆస్కార్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు నచ్చింది ఆవిడ పని చేసే తీరు.

1917లో తన స్నేహితురాలు, మూకీ సినిమాల స్టార్ మేరీ పిక్‌ఫోర్డ్ కోసం ‘ది పూర్ లిటిల్ రిచ్ గర్ల్’ రాసింది. పాతికేళ్లకు దగ్గరపడ్డ హీరోయిన్‌తో చిన్నపిల్ల వేషం. స్నేహితురాళ్లిద్దరూ కలిసి అందులో బురద కొట్లాటలాంటి అల్లరి సీన్లు పెట్టారు. దర్శకుడు మారిస్ టూర్నర్‌కి నచ్చలేదు. సినిమా చూసి కంపెనీ పెద్దలూ పెదవి విరిచారు. హాల్లో జనం మాత్రం పడీ పడీ నవ్వారు. మన సీన్ పేలుతుందో లేదో తెలియక పడే ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. ఆ పేజీలు రెండుసార్లు చదివాను.

మేరీ డ్రెస్లర్ సంగతి చదివినప్పుడైతే కళ్లు చెమర్చాయి. ఒకప్పుడు పెద్ద స్టార్. వయసు మళ్లాక వేషాలు లేవు. మేరియన్ ఆవిడని మర్చిపోలేదు. 1927లో ఆవిడ కోసమే ఒక కామెడీ రాసింది. గ్రెటా గార్బో మొదటి టాకీ ‘అన్నా క్రిస్టీ’లో రేవు దగ్గర తాగి తిరిగే ముసలమ్మ వేషం ఆవిడకి దక్కింది. 1930లో వచ్చిన ‘మిన్ అండ్ బిల్’ ఏకంగా ఆవిడ మీదే నడిచింది. అరవై దాటాక ఉత్తమ నటి ఆస్కార్! నటికి ఏం వచ్చో దగ్గరుండి చూసి, దానికి తగ్గట్టు పాత్ర కట్టడం అంటే ఇదీ.

1928 క్రిస్మస్ నాడు మేరియన్ భర్త ఫ్రెడ్ థామ్సన్ ధనుర్వాతంతో పోయాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అయినా జైలు కథ ‘బిగ్ హౌస్’ కోసం శాన్ క్వెంటిన్ జైలుకి వెళ్లి అక్కడి మనుషుల్ని చూసి వచ్చి రాసింది. ఆ మనిషి గుండె దిటవుకి దండం పెట్టాలి.

లోపాలు లేవని కాదు. పేర్లు మరీ ఎక్కువ. ఎవరు ఎవరో గుర్తుండక పక్కన కాగితం పెట్టుకుని రాసుకోవాల్సి వచ్చింది. పార్టీల కబుర్లు కొంత తగ్గించి, ఆవిడ రాసిన ఒకట్రెండు సీన్లు పూర్తిగా వేసి ఉంటే మాలాంటి వాళ్లకి ఇంకా పనికొచ్చేది.

ఇంగ్లీషు మరీ కష్టం కాదు. మొదటి నుంచి చదివే ఓపిక లేకపోతే డ్రెస్లర్ కథతో మొదలుపెట్టండి. మా సీరియల్లో నాయనమ్మ వేసే ఆవిడకి నెలకి రెండు రోజులే కాల్‌షీట్. ఎప్పుడూ సోఫాలో కూర్చుని దీవించే సీన్లే. నిన్న రాత్రి ఆవిడకి కోడలితో ఎదురు తిరిగి మాట్లాడే సీన్ ఒకటి, నాలుగు పేజీలు రాశాను.