వాల్థర్ సీపీ88: బెజవాడ ఎండలో గ్యాస్ పిస్టల్ కొనే ముందు

చూడటానికి సెమీ ఆటోమేటిక్ పిస్టల్, లోపల మాత్రం రివాల్వర్. కార్బన్ డై ఆక్సైడ్ గ్యాస్‌తో పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుండ్లు, కాల్చే వాల్థర్ సీపీ88 గురించి ముందుగా తెలియాల్సింది ఇదే. ఇది తెలిసి కొన్నవాళ్ళు ఏళ్ల తరబడి ఇష్టంగా వాడుకుంటారు. ట్రిగ్గర్ నొక్కితే పైనుండే స్లైడ్ వెనక్కి కొట్టుకుంటుందని, ఖాళీ తూటా ఎగిరిపడుతుందని ఊహించుకుని కొన్నవాళ్ళు మొదటి పూటే నీరుగారిపోతారు. విజయవాడలోనో గుంటూరులోనో కొనేవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి, అది ఎండ. ఈ పిస్టల్‌ని నడిపించే కార్బన్ డై ఆక్సైడ్ చల్లటి దేశంలో ఒకలా, మన మే నెలలో మరోలా ఉంటుంది.

దీనికి మూలం 1988లో వచ్చిన వాల్థర్ పీ88. అది 9 మి.మీ. పిస్టల్, మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. అంతకుముందు వాల్థర్‌కి పేరు తెచ్చిన పీ38లో బ్యారెల్ తిన్నగా వెనక్కి జరుగుతుంది, దాన్ని స్లైడ్‌కి బిగించి ఉంచడానికి కింద విడిగా ఒక దిమ్మ ఉంటుంది. పీ88లో ఆ పద్ధతి వదిలేసి బ్రౌనింగ్ పద్ధతికి మారారు. పేలాక బ్యారెల్ వెనక భాగం కాస్త కిందికి వాలి స్లైడ్ నుంచి విడిపోతుంది. తయారీ నాణ్యతకు మంచి పేరొచ్చినా ధర ఎక్కువ కావడంతో అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్ ఫ్రేమ్ పీ99 దాని చోటు తీసుకుంది.

1993లో వాల్థర్‌ని జర్మనీలోని ఆర్న్స్‌బర్గ్‌కు చెందిన ఉమారెక్స్ కొనేసింది. గుండు లేకుండా శబ్దం మాత్రమే చేసే పిస్టళ్ళు తయారుచేసిన అనుభవం ఉమారెక్స్‌ది. అసలు ఆయుధం ఆకారాన్ని లోహంలో యథాతథంగా పోతపోయడం వాళ్ళకు బాగా తెలుసు. ఆ నేర్పుకు వాల్థర్ పేరు తోడై 1996లో సీపీ88 వచ్చింది. అసలు తుపాకులను పోలిన ఎయిర్ పిస్టళ్ళు అంతకుముందూ ఉన్నాయి. రూగర్ మార్క్ 1ని పోలిన క్రాస్‌మన్ మార్క్ 1 అమెరికాలో 1960ల్లోనే అమ్మారు. అయితే అసలు పిస్టల్ బరువు, మీటల అమరిక, ఒక్క నొక్కుతోనే హ్యామర్ ఎత్తి కొట్టే డబుల్ యాక్షన్ ట్రిగ్గర్, పెల్లెట్లకు గాళ్ళు కోసిన స్టీల్ బ్యారెల్ అన్నీ ఒక్కచోట చేర్చి ఇంత పకడ్బందీగా తెచ్చింది సీపీ88. తర్వాత వచ్చిన ఉమారెక్స్ బెరెటా 92ఎఫ్ఎస్, కోల్ట్ 1911 గ్యాస్ పిస్టళ్ళు కూడా ఇదే యంత్రాంగం మీద నడుస్తాయి. అందుకే ఇక్కడ చెప్పే మరమ్మతు సంగతుల్లో చాలా వరకు వాటికీ పనికొస్తాయి.

ఇక యంత్రాంగం. ఎడమ పక్కన ఉన్న మీట నొక్కితే స్లైడ్ ముందు సగం బ్యారెల్‌తో కలిసి స్ప్రింగ్ బలంతో ముందుకు జారుతుంది. అక్కడ తెరుచుకున్న ఖాళీలో 8 రంధ్రాలున్న చిన్న లోహపు చక్రాన్ని ఇరుసు మీద పెట్టాలి. పెల్లెట్ల మ్యాగజైన్ అదే. స్లైడ్‌ని మళ్ళీ వెనక్కి నొక్కితే టక్కున పడుతుంది. ఆ టక్కుమనే చప్పుడు వినపడకపోతే చక్రానికీ బ్యారెల్‌కీ మధ్య సందు మిగిలిందని అర్థం. ఆ సందులోంచి గ్యాస్ పక్కలకు పోయి పెల్లెట్ నీరసంగా వెళ్తుంది. హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగినా, హ్యామర్ కింద ఉండగా ట్రిగ్గర్‌ని పూర్తిగా నొక్కినా చక్రం ఒక గది తిరుగుతుంది. హ్యామర్ లాగి కొట్టినప్పుడు ట్రిగ్గర్ తేలిగ్గా, శుభ్రంగా విడుదలవుతుంది. డబుల్ యాక్షన్‌లో బరువైన సుదీర్ఘమైన నొక్కుడు, ఎందుకంటే ఆ ఒక్క వేలే చక్రాన్ని తిప్పాలి, హ్యామర్‌నీ ఎత్తాలి. గురి కదలకుండా ఆ నొక్కుడు సాధించడమే ఈ పిస్టల్ నేర్పే అసలు విద్య. సగం నొక్కి వదిలేసి మళ్ళీ నొక్కే అలవాటు ఉంటే చక్రం అరగది దగ్గర ఆగిపోతుంది, పెల్లెట్ అంచు బ్యారెల్‌కి రాసుకుని చీరుకుపోతుంది. నొక్కడం మొదలుపెడితే చివరిదాకా నొక్కాలి.

గ్యాస్ నింపే పద్ధతి తెలివైనది. మ్యాగజైన్ బటన్ నొక్కితే కుడి పక్క పిడి పలక ఊడి వస్తుంది. పిడి అడుగున మ్యాగజైన్ అడుగు పలకలా కనిపించేది నిజానికి ఒక మీట. దాన్ని తెరిచి, 12 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ (సీవో2) క్యాప్సూల్‌ని మెడ పైకి వచ్చేలా లోపల పెట్టి, కింద ఉన్న చక్రపు మరను వేళ్ళతో బిగించాలి. క్యాప్సూల్ కదలనంత బిగువు చాలు. ప్లయర్‌తో తిప్పితే పైనున్న రబ్బరు సీలు నలిగిపోతుంది, మరుసటి క్యాప్సూల్ నుంచి లీకు మొదలవుతుంది. తర్వాత మీటను ఒక్క ఊపున మూసేయాలి. ఆ మూతతోనే క్యాప్సూల్ మెడకు బెజ్జం పడుతుంది. భయంభయంగా నెమ్మదిగా మూస్తే గ్యాస్ బుస్సుమని చేతిమీదికి వస్తుంది, ఆ చలికి చర్మం కాలినట్టవుతుంది. బెజ్జం పెట్టే ముందు క్యాప్సూల్ మూతి మీద సీవో2 పిస్టళ్ళకోసం అమ్మే నూనె ఒక్క చుక్క వేయాలి. ఆ చుక్క గ్యాస్‌తోపాటు లోపలికి వెళ్ళి వాల్వ్ సీళ్ళను తడుపుతుంది. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే లోపలికి వెళ్ళకూడదు. వాటితో సీళ్ళు ఉబ్బి మెత్తబడతాయి.

ఇక ఎండ సంగతికి వద్దాం. క్యాప్సూల్‌లో సగం పైన ద్రవం ఉంటుంది, మిగతాది ఆవిరి. ద్రవం మిగిలి ఉన్నంతసేపు ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు, 30 డిగ్రీల దగ్గర సుమారు 72. కాల్చినకొద్దీ ద్రవం ఆవిరై ఖాళీని నింపుతుంది, కాబట్టి మొదటి దెబ్బకూ ముప్పయ్యో దెబ్బకూ వేగం దాదాపు ఒకేలా ఉంటుంది. గ్యాస్ పిస్టల్ గురి నిలకడ అంతా దీని మీదే ఆధారపడి ఉంది. 31 డిగ్రీలు దాటాక కార్బన్ డై ఆక్సైడ్‌లో ద్రవమంటూ ఉండదు. అప్పుడు లోపల ఎంత గ్యాస్ మిగిలిందన్నదాన్ని బట్టి ఒత్తిడి ఉంటుంది. కొత్త క్యాప్సూల్‌లో విపరీతంగా ఎక్కువ, ప్రతి దెబ్బకూ తగ్గుతూ వస్తుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద కాల్చేవాళ్ళు మొదటి రెండు చక్రాలకూ తర్వాతి వాటికీ పెల్లెట్ తగిలే చోటు మారిపోతోందని గురి చూసే సైట్‌ని తిప్పుతూ కూర్చుంటారు. తప్పు సైట్‌ది కాదు.

అంతకన్నా వేడెక్కితే వాల్వ్ బిగుసుకుపోతుంది. లోపలి ఒత్తిడి వాల్వ్‌ని ఎంత గట్టిగా మూసిపెడుతుందంటే, హ్యామర్ దెబ్బకు అది తెరుచుకోదు, లేదా కొద్దిగా తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది. టక్కుమని శబ్దం వస్తుంది, పెల్లెట్ బయటికి రాదు. ఇలా జరిగితే మళ్ళీ మళ్ళీ కొట్టకూడదు. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి, నీడలో చల్లటి గదిలో అరగంట వదిలేస్తే దారికొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు. బయటికి తీయగానే కృష్ణ ఒడ్డున ఉండే ఈ ఉక్కపోతకు లోపలా బయటా చెమ్మ పట్టి బ్యారెల్ తుప్పుపడుతుంది. 50 డిగ్రీలు దాటితే క్యాప్సూళ్ళు పగిలే ప్రమాదం ఉంది, ఎండలో నిలిపిన కారు లోపల అది ఎంతోసేపు పట్టదు. కారు డ్యాష్‌బోర్డులో, స్కూటర్ డిక్కీలో వాటిని ఎప్పుడూ ఉంచకూడదు. మన దగ్గర దీనికి సరైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి, మిగతా నెలల్లో పొద్దున్నే లేదా ఏసీ గదిలో.

వరసగా గబగబా కాల్చితే ఇంకో ఇబ్బంది వస్తుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి పిడి మంచులా చల్లబడి వేగం పడిపోతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య పది సెకన్లు ఇస్తే సరిపోతుంది. అలా వాడితే ఒక క్యాప్సూల్‌కి 5, 6 చక్రాలు, అంటే 40 నుంచి 48 పెల్లెట్లు నమ్మకంగా వస్తాయి. శబ్దం మెత్తబడిందంటే ఆపేయాలి. ఇంకో నాలుగు వస్తాయేమోనని ఆశపడితే పెల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకొకటి చేరితే పని ఇంకా కష్టమవుతుంది. ఇరుక్కుంటే ముందు గ్యాస్ పూర్తిగా ఖాళీ చేసి, చక్రం తీసేసి, మూతి వైపు నుంచి ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా వెనక్కి నెట్టాలి. పూట అయిపోయాక క్యాప్సూల్‌ని లోపల వదిలేయకూడదు. మిగిలిన గ్యాస్‌ని ఖాళీగా కాల్చేసి తీసేస్తే సీళ్ళు ఎక్కువకాలం ఉంటాయి.

పెల్లెట్లు 4.5 మి.మీ., ముందు చదునుగా ఉండే రకం, బరువు అర గ్రాము అటూఇటూ. పొడవైన మొనదేలినవి చక్రం ముందుకు పొడుచుకొచ్చి తిరగనివ్వవు. ప్రతి పెల్లెట్‌నీ వెనక అంచు చక్రంతో సమానమయ్యేలా వేలితో నొక్కి, గోటితో ఒకసారి తడిమి చూడాలి. చక్రం ఇరుక్కుపోయిందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బయటికి మిగిలిన ఆ అంచు వల్లే వస్తాయి. స్టీల్ బాల్ బేరింగులు వేస్తే బ్యారెల్ గాళ్ళు చెడిపోతాయి. పైగా అవి గోడకు తగిలి వేగంగా తిరిగొస్తాయి. పెల్లెట్లు సీసం కనుక కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కునే ఏదైనా తినాలి.

చిన్న బ్యారెల్ మోడల్‌లో పెల్లెట్ వేగం సెకనుకు 120 మీటర్ల చుట్టూ ఉంటుంది, శక్తి మూడున్నర జౌళ్ల దగ్గర. 6 అంగుళాల కాంపిటీషన్ మోడల్‌లో ఇంకాస్త ఎక్కువ. జర్మనీలో లైసెన్సు లేకుండా అమ్మే ఎయిర్ గన్‌లకు హద్దు 7.5 జౌళ్లు, ఇది దానికి బాగా లోపలే. 10 మీటర్ల దగ్గర దన్ను మీద పెట్టి కాలిస్తే పెల్లెట్లు 25 నుంచి 35 మి.మీ. గుంపులో తగులుతాయని ఆశించవచ్చు. కాగితం గురులకు, సోడా డబ్బాలకు అది ధారాళంగా సరిపోతుంది. జిల్లా, రాష్ట్ర 10 మీటర్ల పోటీల మీద కన్నున్న పిల్లలకు మాత్రం ఇది కొనిపెట్టకండి. ఆ పోటీల్లో ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉంటే చాలు, అక్కడ వాడేవి కంప్రెస్డ్ ఎయిర్‌తో నడిచే అచ్చమైన మ్యాచ్ పిస్టళ్ళు. దీని బరువైన ట్రిగ్గర్ మీద పడిన అలవాటు అక్కడ అడ్డమే అవుతుంది.

ఇంట్లో కాల్చుకోవడానికి ఆరేడు మీటర్ల వరండా చాలు. గోనె బస్తాలో పాత గుడ్డలు గట్టిగా కుక్కి, వెనక అంగుళం మందం ప్లైవుడ్ నిలబెడితే ఈ శక్తికి అది ఆగుతుంది. గుడ్డలు ఒకేచోట చిరిగి సొరంగం పడకుండా అప్పుడప్పుడు కదపాలి. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ కళ్ళద్దాలు తప్పనిసరి. అపార్ట్‌మెంట్ డాబా మీద, పిట్టగోడకు అవతల మనుషులు తిరిగే చోట అసలొద్దు.

మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. క్యాలిబర్, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్‌లకు లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు, చిరునామా పత్రాలు ఇచ్చి పక్కా బిల్లుతోనే కొనాలి. దిగుమతి మీద ఆంక్షలున్నందువల్ల ఈ మోడల్ దొరకడమే అరుదు. పైగా ఇది అసలు ఆయుధం ఆకారంలో ఉంటుంది కాబట్టి, డబ్బు కట్టే ముందే పోలీసు కమిషనరేట్‌లో ఆయుధాల విభాగాన్ని అడిగి నిర్ధారించుకోవడం మంచిది. కొన్నాక ఇంటి నుంచి రేంజ్‌కి తాళం వేసిన పెట్టెలోనే వెళ్ళాలి. దీన్ని నడుముకు పెట్టుకుని బీసెంట్ రోడ్డులో కనిపిస్తే చూసేవాళ్ళకు, పోలీసులకు కూడా, అది నిజం పిస్టలే.

సెకండ్ హ్యాండ్‌లో ఎదురైతే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పిడి పలక లోపలి ప్లాస్టిక్ కొక్కేలు విరిగి జిగురుతో అంటించారేమో చూడండి. ఖాళీ చక్రం పెట్టి హ్యామర్‌ని ఎనిమిదిసార్లు లాగండి, ప్రతిసారీ చక్రం ఒక గది పూర్తిగా తిరిగి నిలబడాలి. తర్వాత కొత్త క్యాప్సూల్ వేయించి ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా పావుగంట పక్కన పెట్టి, చెవి దగ్గర పిడిని మాత్రమే ఉంచి వినండి. సన్నగా బుస వినిపిస్తే సీలు పోయింది. సీళ్ళు మార్చుకోగలిగినవే, కానీ విడిభాగాలు తెప్పించడం ఇక్కడ కష్టం కాబట్టి ధర ఆ మేరకు తగ్గించమనండి. చక్రాలు కనీసం రెండు ఇవ్వకపోతే బేరం వదులుకోవడమే నయం. క్యాప్సూళ్ళు కొనేటప్పుడు సోడా సైఫన్లకు వాడే 8 గ్రాములవి, సైకిల్ ట్యూబుకి వాడే, మెడకు మర ఉన్న 16 గ్రాముల క్యాప్సూళ్ళు ఇందులో పట్టవు. క్రీమ్ గిలకొట్టడానికి బేకరీల్లో వాడే క్యాప్సూల్‌ని ఏదో విధంగా ఇరికించాలని అస్సలు చూడొద్దు. అందులో ఉండేది నైట్రస్ ఆక్సైడ్, నూనె తగిలిన చోట దాన్ని అంత ఒత్తిడితో వదలడం ప్రమాదం. మెడకు మర లేని 12 గ్రాముల సీవో2 క్యాప్సూలే కావాలని స్పష్టంగా అడిగి, దాని మీద ముద్రించిన బరువు చదివాకే డబ్బివ్వండి.