చింతపల్లి చలిలో తొమ్మిదేళ్ల బండి

2016లో కొన్న 125 సీసీ బండి ఇది, కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న రకం. ఇప్పటికి 87 వేల కిలోమీటర్లు తిరిగింది. సగానికి పైగా నర్సీపట్నం, చింతపల్లి మధ్య ఘాట్ రోడ్డు మీదే. కింద మైదానంలో లీటరుకు 55 కిలోమీటర్లు ఇస్తే ఘాట్‌లో 48. చైన్ సెట్లు మూడుసార్లు, క్లచ్ ప్లేట్లు ఒకసారి మార్చాను. సీటు మీద గంట దాటితే నడుం పట్టేస్తుంది. మిగతా అంతా బాగుంది. బాగోలేనిది ఒక్కటే, చలికాలం పొద్దున్న.

లంబసింగి పొగమంచు చూడ్డానికి వచ్చేవాళ్లకి చలి సరదాగానే ఉంటుంది. రాత్రంతా బండి బయట పెట్టి ఆరింటికి డ్యూటీకి బయల్దేరేవాడికి కాదు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ ఐదు డిగ్రీల దాకా దిగే రోజులుంటాయి.

మొదటి నాలుగు చలికాలాలు ఏ పేచీ లేదు. చోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకునేది. 2020లో మొదలైంది బాధ. స్టార్టవుతుంది, కాసేపు ఆడుతుంది, చోక్ నెట్టగానే టప్పున ఆగిపోతుంది. మళ్లీ లాగు, మళ్లీ కొట్టు. తలకి తువ్వాలు చుట్టుకుని నేను కిక్ మీద కిక్ కొడుతుంటే పక్కింటి మామ్మ, "దానికీ ఓ గ్లాసుడు టీ పొయ్యి బాబూ, లేస్తాది" అనేది.

రెండేళ్లు ఊరికే డబ్బు తగలేశాను. ప్లగ్ మార్చాను. బ్యాటరీ మార్చాను, అది పూర్తిగా నా తెలివితక్కువతనం. సెల్ఫ్ తిరగకపోవడం వేరు, స్టార్టయి ఆగిపోవడం వేరు. కొత్త బ్యాటరీ మొదటిదానికే మందు. కార్బురేటర్ మూడుసార్లు క్లీన్ చేయించాను. షెడ్డుకి తీసుకెళ్లేది మధ్యాహ్నం, అప్పటికి ఇంజన్ వేడిగా ఉంటుంది, గడియారంలా ఆడుతుంది. "బాగానే ఉంది కదా సార్" అంటాడు మెకానిక్. చివరికి స్లో స్పీడు, అంటే రేసు ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెంచి పంపాడు. దాంతో ఘాట్ దిగేటప్పుడు రేసు వదిలినా బండి ముందుకు తోసుకుపోయేది. మలుపుల్లో అదో కొత్త టెన్షన్.

2022 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న ఇంజన్ చల్లగా ఉండగానే కూర్చున్నాను. చోక్ చేసేది గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడం. చోక్ ఉంటేనే నడుస్తోందంటే, పెట్రోలన్నా చాలడం లేదు, లేదా ఎక్కడినుంచో అదనంగా గాలన్నా దూరుతోంది. స్లో స్పీడులో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, స్లో జెట్, మూడుసార్లు కడిగిందే. ఇక మిగిలింది గాలి.

కార్బురేటర్‌కీ ఇంజన్ హెడ్‌కీ మధ్య పొట్టి రబ్బరు గొట్టం ఉంటుంది. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంది. కింద టార్చి వేసి వేలితో వంచితే గోరు గీసినట్టు సన్నటి చీలిక. చోక్ మీద స్టార్ట్ చేసి దాని మీద కొంచెం కార్బురేటర్ క్లీనర్ స్ప్రే చేయగానే ఇంజన్ చప్పుడు మారిపోయింది, అంటే చీలికలోంచి స్ప్రేని లోపలికి పీల్చుకుంటోంది. ఇది వేడి ఇంజన్ మీద మాత్రం చేయకండి, మండే సరుకు అది. చలికి రబ్బరు బిగుసుకుంటే చీలిక నోరు తెరుస్తుంది, వేడెక్కి మెత్తబడితే మూసుకుంటుంది. మధ్యాహ్నం షెడ్డులో ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది.

కొత్త రబ్బరుకి అయింది బ్యాటరీలో పదో వంతు కూడా కాదు. స్లో స్పీడు పాత లెక్కకి దించాను. తర్వాత మూడు చలికాలాలు గడిచాయి. ఇప్పటికీ ఒక్క నిమిషం చోక్ అడుగుతుంది, అది కార్బురేటర్ బండికి మామూలే.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో ఎక్కువభాగం కార్బురేటర్ బదులు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్నవే, ఈ గొడవ సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకే. ఇలాంటి బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. స్టార్ట్ చేయకముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండి, అమ్మేవాడు "ఇప్పుడే ఒక రౌండు తిప్పి తెచ్చాను" అన్నాడంటే మర్నాడు ఇంకో గంట ముందే వెళ్లండి.